"ఇంటికి పోతావా, హోమ్‌లో ఉంటావా?": సీడబ్ల్యూసీ నిర్ణయాల్లో పిల్లల మాట ఎక్కడ చేరాలి, ఎక్కడ జారిపోతుంది

పెళ్లి ఆపి తీసుకొచ్చిన 16 ఏళ్ల అమ్మాయిని బాలల సంక్షేమ సమితి (సీడబ్ల్యూసీ) ముందు, అంటే ఆపదలో ఉన్న పిల్లలు ఇంట్లో ఉండాలా, సంరక్షణ గృహంలో (హోమ్‌లో) ఉండాలా అన్నది తేల్చే కమిటీ ముందు కూర్చోబెట్టారనుకుందాం. చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. తండ్రి బయట బెంచీ మీద, తల్లి తలుపు పక్కన. బల్లకు అటువైపు నుంచి ప్రశ్న వస్తుంది: "ఇంటికి పోతావా, హోమ్‌లో ఉంటావా?" అమ్మాయి ఒకసారి తల్లి వైపు చూసి "ఇంటికి పోతా" అంటుంది. "బాలిక తల్లిదండ్రులతో వెళ్లుటకు ఇష్టపడినది" అని ఫైల్లో ఒక వాక్యం పడుతుంది. 18 ఏళ్లు నిండేదాకా పెళ్లి చేయనని తండ్రి హామీ పత్రం మీద సంతకం పెడతాడు. అందరూ బస్సెక్కుతారు.

పిల్ల అభిప్రాయం తీసుకున్నట్టేనా? కాగితం లెక్కన తీసుకున్నట్టే. కానీ ఆ అమ్మాయి బడి మానేసి ఎన్నాళ్లయిందో, పెళ్లి కుదిర్చింది తండ్రి ఇష్టమో తండ్రి నెత్తి మీద అప్పో, ఇంటర్‌లో చేరితే హాస్టల్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారో, మూడు నెలల తర్వాత ఊరు మార్చి మళ్లీ ముహూర్తం పెడితే ఎవరికి ఫోన్ చేయాలో ఎవరూ అడగలేదు. "ఇంటికి పోతా" అన్న మాటకు వెనక "అమ్మమ్మ ఊరికైతే బాగుండు" అన్నది ఉందేమో కూడా తెలియదు. రెండే దారులు చూపించి ఒకటి ఎంచుకోమంటే, పిల్ల ఎంచుకుంది.

పిల్లల మాటను కమిటీ గదిలో ఒక్క ప్రశ్నతో పట్టుకోవాలనుకోవడంలోనే తిరకాసు ఉంది. ఆ గదిలో నిర్ణయం ప్రకటిస్తారు. అది తయారయ్యేది అంతకు ముందు, రెండు మూడు ఫారాల మీద, ఊళ్లో జరిగే ఇంటి విచారణలో. అక్కడికి చేరని మాట చివరి రోజున ఎంత గట్టిగా చెప్పినా పెద్దగా పనిచేయదు.

చట్టం ఏమిచ్చింది

ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 1989లో వచ్చింది, భారత్ 1992 డిసెంబరులో అందులో చేరింది. తన జీవితాన్ని తాకే ప్రతి విషయంలోనూ అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకుందని, వయసును, పరిణతిని బట్టి ఆ అభిప్రాయానికి విలువ ఇవ్వాలని దాని 12వ అధికరణం చెబుతుంది. మన బాలల న్యాయ చట్టం 2015 మూడో సెక్షన్‌లోని 16 మూలసూత్రాల్లో ఇదీ ఒకటి. పక్కనే ఇంకో రెండు ఉన్నాయి: పిల్లల బాధ్యత మొదట కుటుంబానిదే, సంస్థలో పెట్టడం అన్ని దారులూ మూసుకుపోయాక ఆఖరి మెట్టు. ఈ మూడింటినీ కలిపి చదివితే పిల్లను అడగడంతో సరిపెట్టుకోవడం కుదరదు, ఇంటివాళ్లనూ లోపలికి పిలవాల్సిందే.

కమిటీలో చైర్‌పర్సన్, మరో నలుగురు సభ్యులు ఉంటారు. కనీసం ఒక మహిళ ఉండాలి. నెలకు కనీసం 20 రోజులు కూర్చోవాలి. కేసు చివరగా తేల్చే రోజున కనీసం ముగ్గురు సభ్యులు ఉండాలి. బిడ్డ దొరికిన 24 గంటల్లోగా, ప్రయాణ సమయం మినహాయించి, హాజరుపరచాలి. ఈ పని పోలీసులే చేయాలని లేదు. అంగన్‌వాడీ టీచరైనా, నర్సైనా, పక్కింటివాళ్లైనా తీసుకురావచ్చు. బిడ్డ తనంతట తానుగా కూడా కమిటీ ముందుకు రావచ్చని 31వ సెక్షన్ చెబుతుంది. ఈ సంగతి బడుల్లో చెప్పేవాళ్లు మాత్రం అరుదు.

అక్కడి నుంచి రెండు గడువులు నడుస్తాయి. సామాజిక విచారణ, అంటే బిడ్డ ఇంటికి వెళ్లి చేసే విచారణ, 15 రోజుల్లో పూర్తవ్వాలి, తుది ఉత్తర్వు మొదటి హాజరు నుంచి నాలుగు నెలల్లోగా రావాలి. కుటుంబాలకు చాలాచోట్ల ఈ రెండో గడువు గురించే చెబుతారు. "నాలుగు నెలలు టైముంది కదా, చూద్దాం" అని వాళ్లు ఊరుకుంటారు. అసలు మలుపు మొదటి 15 రోజుల్లోనే తిరిగిపోతుంది.

బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ లారా లండీ 2007లో ఈ 12వ అధికరణాన్ని నాలుగు ముక్కలుగా విడదీసి చూపించారు: మాట్లాడటానికి చోటు, మాట్లాడే గొంతు, వినాల్సినవాళ్లే వినడం, విన్నది నిర్ణయంలో కనబడటం. మన దగ్గర మొదటి రెండింటికీ ఎంతోకొంత ఏర్పాటుంది. ఫైళ్లు తిరగేస్తే ఖాళీగా కనబడేది నాలుగోది.

ఇంటి విచారణ: అసలు కథంతా ఇక్కడే

బాలల న్యాయ చట్టం కింద వచ్చిన 2016 నమూనా నియమాల్లో సామాజిక విచారణ నివేదికకు ఫారం 22 ఉంది. జిల్లా బాలల పరిరక్షణ విభాగం సోషల్ వర్కరో, సంస్థలోని కేస్ వర్కరో దాన్ని నింపుతారు. కుటుంబ సభ్యులు, ఆదాయం, ఆరోగ్యం, చదువు, ఇంట్లో సంబంధాలు, బిడ్డ ఇల్లు వదలడానికి కారణాలు, తిరిగి ఇంటికి పంపితే ప్రమాదం ఎంత, చివర సిఫారసు. కమిటీ సభ్యులు ముందు ఆ చివరి పేజీయే చూస్తారు. రోజుకు అన్ని కేసులున్నప్పుడు అది మానవ సహజం.

నివేదిక చెడిపోవడానికి తరచూ కనబడే కారణం వేళ. పదకొండు గంటలకు ఊళ్లోకి వెళితే కూలి పనికి పోయినవాళ్లు ఇంట్లో ఉండరు. పక్కింటివాళ్లనో, సర్పంచినో అడిగి రాసుకొస్తారు. అప్పుడు ఫారంలో ఇలా ఉంటుంది: "ఒకే గది, రేకుల ఇల్లు. తండ్రి తాగుబోతు. తల్లి కూలి. ఇంటి వాతావరణం సరిగా లేదు." ఇందులో ప్రతి ముక్కా నిజమే కావచ్చు. బిడ్డకు ఆ ఇంట్లో భద్రత ఉందో లేదో మాత్రం ఒక్క ముక్కా చెప్పదు. రేకుల ఇల్లు పేదరికం సంగతి చెబుతుంది, ప్రమాదం సంగతి కాదు.

అదే ఇంటికి సాయంత్రం ఆరున్నరకు వెళ్లి, వంట దగ్గర కూర్చుని, తల్లిని విడిగా, తండ్రిని విడిగా, పెద్ద కూతుర్ని విడిగా అడిగితే రాత మారుతుంది: "తండ్రి వారం కూలి చేతికొచ్చే శనివారం తాగుతాడు. ఆ రాత్రి పిల్లలు ఎదురింటి పెద్దమ్మ దగ్గర పడుకుంటారు, ఆరు నెలలుగా ఇదే జరుగుతోంది. మిగతా రోజుల్లో బడికి దింపేది తండ్రే. కొట్టాడా అని అడిగితే బాబు 'ఒక్కసారి, బెల్టుతో, సంక్రాంతికి ముందు' అన్నాడు." ఇప్పుడు కమిటీకి చేతిలో పట్టుకోవడానికి ఏదో దొరికింది. శనివారం రాత్రి సంగతి తేల్చాలి, బెల్టు సంగతి తేల్చాలి, పెద్దమ్మను పిలిపించాలి. తాగుబోతు అన్న ఒక్క మాట మీద బిడ్డను హోమ్‌కు పంపే పని తప్పుతుంది. బెల్టు దెబ్బను "తండ్రి ప్రేమగా చూసుకుంటాడు" అనే మాట కింద పూడ్చిపెట్టే పనీ తప్పుతుంది.

బిడ్డ మాటను బిడ్డ మాటల్లోనే, కొటేషన్లలో, తేదీ వేసి రాయడం చిన్న అలవాటే, కానీ దానికి ఆయుష్షు ఎక్కువ. "ఇష్టపడినది" అన్న పదంలోంచి తర్వాత ఎవరూ ఏమీ తవ్వి తీయలేరు. "'నాన్న ఉంటే పోను, అమ్మమ్మ దగ్గరికైతే ఇప్పుడే పోతా' అంది" అని ఉంటే, సోషల్ వర్కర్ బదిలీ అయినా, కమిటీ మారినా, అప్పీలుకు వెళ్లినా ఆ వాక్యం నిలబడుతుంది. రాసింది ఆ బిడ్డకే చదివి వినిపించి, "తప్పుంటే చెప్పు, మారుస్తా" అనాలి. పిల్లలు నిజంగానే సరిదిద్దుతారు. "రోజూ కాదు, పరీక్షలప్పుడు" లాంటి దిద్దుబాట్లలోనే కేసు తిరగబడ్డ సందర్భాలుంటాయి.

తల్లిదండ్రులకూ ఇదే వర్తిస్తుంది. తమ గురించి ఏం రాశారో వాళ్లకు తెలియకుండా హాజరుకు పిలిస్తే, కమిటీ ప్రశ్నలు మీద పడి వాదనకు దిగుతారు, లేదా తల వంచుకుని "మీ దయ" అంటారు. రెండూ సహకరించని తల్లిదండ్రుల లక్షణాలుగానే నమోదవుతాయి. హాజరుకు రెండు రోజుల ముందే ముఖ్యమైన నాలుగు అంశాలు నోటితో తెలుగులో చెప్పి, వాళ్ల జవాబు కూడా ఫారానికి జతచేస్తే కమిటీ సమయమే సగం మిగులుతుంది. హాజరు తేదీ ఫోన్లో కాకుండా చీటీ మీద రాసివ్వాలి. ఏ కాగితాలు తేవాలో అందులోనే ఉండాలి: ఆధార్, బడి నుంచి బోనఫైడ్, రేషన్ కార్డు. రోజు కూలి పోగొట్టుకుని జిల్లా కేంద్రానికి వచ్చిన మనిషిని "ఆదాయ సర్టిఫికెట్ లేదు, వచ్చే వారం రా" అని రెండుసార్లు పంపిస్తే మూడోసారి రాడు. అప్పుడు ఫైల్లో "తల్లిదండ్రులు ఆసక్తి చూపలేదు" అని పడుతుంది.

బిడ్డతో మాట్లాడటం

నియమాల ప్రకారం కమిటీ గది కోర్టులా కనబడకూడదు. సభ్యులు ఎత్తైన వేదిక మీద కూర్చోకూడదు, మధ్యలో బోనులాంటి అడ్డు ఉండకూడదు, కేసుతో సంబంధం లేనివాళ్లు గదిలో ఉండకూడదు, బిడ్డ ఎవరి సమక్షంలో ఇబ్బంది లేకుండా ఉంటుందో వాళ్లనే ఉండనివ్వాలి. ఇవన్నీ కుర్చీల సర్దుబాటుతో అయిపోయే పనులు. కష్టమైనది మాట.

మొదటిసారి కలిసినప్పుడు నిర్ణయం గురించి అడగకపోవడమే మేలు. నేనెవరు, నువ్విక్కడికి ఎందుకొచ్చావు, నువ్వు చెప్పింది ఎవరు చదువుతారు, ఏది నేను దాచలేను: ఈ నాలుగూ ముందు చెప్పాలి. "ఎవరికీ చెప్పను" అనే మాట ఇవ్వకూడదు. లైంగిక దాడి గురించి బిడ్డ చెబితే పోక్సో చట్టం ప్రకారం ఫిర్యాదు చేయక తప్పదు, అప్పుడు ఆ మాట తప్పినవాళ్లలో మీరూ చేరతారు. "నీకేం కాదు" అన్నదీ అంతే.

తర్వాత ప్రశ్నలు రోజు చుట్టూ తిప్పాలి. పొద్దున ఎవరు లేపుతారు, అన్నం ఎవరు పెడతారు, జ్వరమొస్తే ఎవరి పక్కన పడుకుంటావు, ఏ పూట భయమేస్తుంది. "మీ నాన్న మంచివాడా?" అనడిగితే దాదాపు అందరు పిల్లలూ ఔననే అంటారు. చిన్నపిల్లలకు న్యూజీలాండ్‌లో నిక్కీ వెల్డ్, మ్యాగీ గ్రీనింగ్ రూపొందించిన 'మూడు ఇళ్లు' బాగా పనిచేస్తుంది. కాగితం మీద మూడు ఇళ్లు గీయాలి: ఒకటి బెంగల ఇల్లు, ఒకటి మంచి సంగతుల ఇల్లు, ఒకటి కలల ఇల్లు. బిడ్డ బొమ్మలతోనో మాటలతోనో నింపుతుంది. తెల్ల కాగితం, నాలుగు స్కెచ్ పెన్నులు, ముప్పావు గంట చాలు. ఆ కాగితాన్ని చించకుండా ఫైల్లో పెట్టాలి, బిడ్డ ఒప్పుకుంటే తల్లిదండ్రులకూ చూపించాలి. అధికారి చెబితే నమ్మని తండ్రి తన కొడుకు గీసిన బెంగల ఇల్లు చూసి మాట మార్చుకోవచ్చు.

అమ్మా నాన్నల్లో ఒకరిని ఎంచుకోమని మాత్రం ఏ వయసు బిడ్డనూ అడగకూడదు. ఎవరిని కాదన్నా ఆ పాపం తనదే అనుకుంటుంది.

భాష ఇంకో చిక్కు. తెలంగాణలో ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో పిల్లల్ని పనుల నుంచి విడిపించే దాడులు నడుస్తాయి. ఒకే రోజు పదుల సంఖ్యలో పిల్లలు కమిటీ ముందుకొస్తారు. ఇటుక బట్టీల్లో ఒడియా పిల్లలు, గాజుల కార్ఖానాల్లో హిందీ మాట్లాడే పిల్లలు. తెలుగు రాదు కాబట్టి దుబాసీ కావాలి, చేతికందినవాడు బట్టీ మేస్త్రీయే అవుతాడు. బిడ్డను పనిలో పెట్టినవాడి నోటి ద్వారా బిడ్డ మాట వినడమంటే దొంగ చేతికే తాళాలివ్వడం. కోయ, గోండి, లంబాడీ పిల్లలతో ఇంకో రకం మోసం ఉంది: వాళ్లకు బడి తెలుగు వచ్చు, అడిగినదానికి జవాబిస్తారు. భయం, సిగ్గు చెప్పుకునే భాష మాత్రం అది కాదు. జిల్లా విభాగం దగ్గర దుబాసీల జాబితా ముందే సిద్ధంగా ఉండాలి, వాళ్లకు యజమానులతో గానీ కుటుంబంతో గానీ సంబంధం ఉండకూడదు.

పోక్సో కేసుల్లో పద్ధతి మరింత కచ్చితంగా రాసి ఉంది. ముద్దాయి అదే ఇంట్లో ఉంటే బిడ్డను ఆ ఇంట్లోంచి తీయాలా వద్దా అన్నది కమిటీ మూడు రోజుల్లో తేల్చాలి. అలా తేలుస్తున్నామని బిడ్డకు, నమ్మకమైన పెద్దకు ముందే చెప్పాలి, బిడ్డ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవాలి. కేసు నడిచినంతకాలం బిడ్డకు తోడుండే సపోర్ట్ పర్సన్‌ను బిడ్డ, కుటుంబం ఒప్పుకుంటే ఇవ్వాలని 2020 పోక్సో నియమాలు చెప్పాయి; వద్దనడానికి తగిన కారణం కమిటీ రాస్తే తప్ప ఇవ్వాల్సిందేనని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ మనిషి వద్దనుకుంటే బిడ్డ కారణం చెప్పనక్కర్లేదని అవే నియమాల్లో ఉంది. ఒక్క కారణమూ అడగకుండా పెద్దమనిషిని మార్చుకునే హక్కు బిడ్డకు మన చట్టాల్లో ఇంకెక్కడైనా ఉందా అంటే వెంటనే తట్టదు.

కుటుంబం అంటే ఎవరు

ఫారాల్లో తండ్రి, తల్లి, సంరక్షకులు అని ఉంటుంది. మన ఇళ్లలో బిడ్డను నిలబెట్టేవాళ్లు తరచూ ఆ గడుల బయట ఉంటారు: అమ్మమ్మ, నాయనమ్మ, పెద్దమ్మ, పిన్ని, మేనత్త, మేనమామ. అందుకే మొదటి వారంలోనే ఒక తెల్లకాగితం మీద బిడ్డ చేతనే చుట్టాల పటం గీయించాలి. మధ్యలో తను, దగ్గరివాళ్లు దగ్గరగా, దూరంవాళ్లు దూరంగా. తల్లి చేత ఇంకోటి. రెండు పటాల్లోనూ ఉన్నవాళ్లకు ముందు ఫోన్ చేయాలి.

ఒక జాగ్రత్త ఇక్కడి నేలకే ప్రత్యేకం. పెళ్లి ఆపిన కేసుల్లో "మేనమామ దగ్గర ఉంచుతాం" అని కుటుంబం ముందుకు రావచ్చు. మేనరికం ఉన్న ఇళ్లలో ఆ మేనమామో, మేనత్త కొడుకో పెళ్లికొడుకే కావచ్చు. పేరు, ఊరు రాసుకోవడంతో ఆగకుండా పెళ్లి ఎవరితో కుదిరిందో ఆ పేరుతో పోల్చి చూడాలి.

చుట్టాలందరినీ ఒకచోట కూర్చోబెట్టి, ప్రణాళిక వాళ్ల చేతే వేయించే పద్ధతికి చట్టంలో చోటిచ్చిన తొలి దేశం న్యూజీలాండ్. అక్కడి మూలవాసులైన మావోరీల పిల్లల్ని వాళ్ల బంధువర్గం నుంచి తెంపి సంస్థల్లో, పరాయి ఇళ్లలో పెడుతున్నారని ఆ సమాజం గట్టిగా నిలదీశాక, 1989 చట్టంతో 'ఫ్యామిలీ గ్రూప్ కాన్ఫరెన్స్' వచ్చింది. అందులో మూడు అంచెలు. మొదట అధికారులు తమకు తెలిసింది, తమ ఆందోళన ఏమిటో అందరి ముందూ చెబుతారు. తర్వాత అధికారులు గది బయటికి వెళ్లిపోతారు, కుటుంబం తమలో తామే మాట్లాడుకుంటుంది. చివర ప్రణాళిక చదివి వినిపిస్తారు, బిడ్డ భద్రతకు చాలకపోతే తప్ప అధికారులు దాన్ని ఒప్పుకోవాలి. ఆ రెండో అంచె తీసేస్తే మిగిలేది మామూలు మీటింగే.

మన చట్టంలో దీనికి విడిగా నిబంధన లేదు. బంధువులను పిలిచి వినొద్దని కూడా ఎక్కడా లేదు. జిల్లా విభాగం పూనుకుంటే మండల స్థాయిలో చేయగలిగిన పనే. ముందస్తు ఫోన్లకు, విడివిడి మాటలకు రెండు వారాలు, సమావేశానికి ఒక అరపూట, తాలూకా ఆఫీసు వాతావరణం లేని గది, అందరికీ భోజనం. పోలీస్ స్టేషన్, కుల సంఘం భవనం, సర్పంచి ఇల్లు వద్దు. బిడ్డకు తను ఎంచుకున్న పెద్ద ఒకరు పక్కనే ఉండాలి. ఎదురుగా మాట్లాడలేకపోతే మూడు ఇళ్ల కాగితాన్ని ఆ పెద్దే చదవాలి. కొట్టే మనిషి ఉంటే అతని మాట ఉత్తరంగానో విడిగానో తీసుకోవాలి, గదిలోకి రానివ్వకూడదు.

పంచాయితీకీ దీనికీ ఉన్న తేడా మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పేయాలి. రచ్చబండ దగ్గర పెద్దమనుషులు తీర్పిస్తారు, ఆడవాళ్లు పక్కన నిలబడతారు, డబ్బుతో రాజీ కుదురుతుంది. ఇక్కడ తప్పొప్పుల తీర్పు ఉండదు, నేరం మీద రాజీ అసలే ఉండదు. తేలాల్సింది ఒక్కటే: ఈ బిడ్డ వచ్చే ఆరు నెలలు ఎక్కడ, ఎవరి పూచీ మీద ఉంటుంది. ప్రణాళికలో ప్రతి వాక్యానికీ మనిషి పేరు, వారం, అది జరక్కపోతే ఏంచేయాలో ఉండాలి. "బంధువులు చూసుకుంటారు" అని రాస్తే ఎవరూ చూసుకోరు. "శనివారం సాయంత్రం ఐదింటికి పెద్దమ్మ పిల్లలిద్దర్నీ తీసుకెళ్తుంది, ఊరెళ్లాల్సి వస్తే పిన్నికి ముందు రోజే ఫోన్ చేస్తుంది" అని ఉంటే తనిఖీ చేయవచ్చు.

ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు ఇలాంటి గది ఎదురైతే అక్కడి లెక్క కొంచెం వేరు. బిడ్డ భద్రత మీద కుటుంబంతో కూర్చునే తొలి సమావేశాన్ని (చైల్డ్ ప్రొటెక్షన్ కాన్ఫరెన్స్), సంస్థలు ముందుగా తమలో తాము జరిపిన చర్చ నుంచి 15 పనిదినాల్లో పెడతారు. సోషల్ వర్కర్ నివేదికను ముందే అడిగి చదువుకోవాలి. ఇంగ్లిషు బాగా వచ్చని కొడుకునో కూతురినో దుబాసీగా కూర్చోబెట్టకూడదు, దుబాసీని అడిగి తెప్పించుకోవాలి.

పేదరికమే కారణమైతే

"చదివించుకోలేకపోతున్నా, హోమ్‌లో పెట్టుకోండి" అని తల్లే బిడ్డను తెచ్చే కేసులు కొల్లలు. వితంతువు, భర్త వదిలేసిన మనిషి, మంచాన పడ్డ తండ్రి. కుటుంబమే కోరింది కదా అని కమిటీ చేర్చుకుంటే అది భాగస్వామ్యంలా కనబడుతుంది. ఇంకో దారి ఉందని ఆమెకు చెప్పకుండా తీసుకున్న సమ్మతి అది.

కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద, బిడ్డ ఇంట్లోనే పెరగడానికి ఇచ్చే సాయం, స్పాన్సర్‌షిప్, బిడ్డకు నెలకు 4,000 రూపాయలు. కుటుంబ వార్షికాదాయం పల్లెల్లో 72,000, మిగతా చోట్ల 96,000 రూపాయలు దాటకూడదు. తల్లిదండ్రులు లేక చుట్టాల దగ్గర పెరుగుతున్న పిల్లలూ దీనికి అర్హులే. దరఖాస్తు జిల్లా విభాగానికి, మంజూరు జిల్లా స్థాయి కమిటీ నుంచి. ఆగిపోయేది తరచూ ఆదాయ ధ్రువీకరణ దగ్గర, బ్యాంకు ఖాతా దగ్గర. ఆ ధ్రువీకరణ కోసం తెలంగాణలో మీసేవకు, ఆంధ్రలో గ్రామ సచివాలయానికి వెళ్లాలి. ధ్రువీకరణ, ఖాతా, ఈ రెండు పనులూ ఎవరు చేయిస్తారో కమిటీ ఉత్తర్వులోనే పేరుతో రాస్తే డబ్బు కదులుతుంది.

బిడ్డను శాశ్వతంగా వదులుకునే సరెండర్ విషయంలో మరీ జాగ్రత్త. ఫారం 23 మీద సంతకం పెట్టాక మనసు మార్చుకోవడానికి తల్లిదండ్రులకు రెండు నెలల గడువు ఉంది. ఆ గడువు ఉందని వాళ్లకు తెలియాలి, ఎవరి దగ్గరికి తిరిగి రావాలో తెలియాలి. 1999లో, మళ్లీ 2001లో తెలంగాణ తండాల నుంచి ఆడశిశువులు దత్తత సంస్థల చేతికి చేరిన వ్యవహారాలు ఉమ్మడి రాష్ట్రాన్ని కుదిపేశాయి. వేలిముద్ర వేసినవాళ్లకు కాగితంలో ఏముందో తెలియకపోతే ఆ వేలిముద్రను సమ్మతి అనలేం.

హోమ్ లోపల

హోమ్‌లో చేరాక మాట ఆగిపోదు, నిజానికి అక్కడే దానికి గట్టి ఏర్పాటుంది. వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఫారం 7. అది బిడ్డతో సంప్రదించి తయారు చేయాల్సిన కాగితం. దాని పట్టికలో మొదటి వరుస, ఆరోగ్యం కంటే చదువు కంటే ముందు, 'సంరక్షణ నుంచి బిడ్డ ఏం ఆశిస్తోంది' అన్నది. ఆ వరుసలో ఇరవై మంది పిల్లలకూ "బాగా చదువుకోవాలి" అని ఒకే రాత కనబడితే ఎవరినీ అడగలేదని అర్థం. "తమ్ముడితో ఆదివారం ఫోన్ మాట్లాడాలి", "జుట్టు కత్తిరించొద్దు" అని ఉంటే అడిగారని అర్థం. ప్రగతి నివేదిక మొదటి మూడు నెలలు 15 రోజులకోసారి, తర్వాత నెలకోసారి రాయాలి. ఆ మొదటి వరుసకు జవాబు వచ్చిందా అని ప్రతిసారీ చూడాలి.

6 నుంచి 10, 11 నుంచి 15, 16 నుంచి 18 ఏళ్లవాళ్లకు విడివిడిగా, పిల్లలే సభ్యులుగా బాలల కమిటీలు ఉండాలి. సూచనల పెట్టె ఆఫీసుకు దూరంగా, పడుకునే గదుల దగ్గర ఉండాలి. దాని తాళంచెవి సూపరింటెండెంట్ దగ్గర ఉండకూడదు. యాజమాన్య కమిటీ చైర్‌పర్సన్ దగ్గర ఉండాలి. వారానికోసారి, బాలల కమిటీ సభ్యుల ఎదుటే తెరవాలి. ఎక్కడైనా హోమ్‌కు వెళితే పెట్టె ఏ గోడకుందో, తాళం ఎవరి గుత్తిలో ఉందో చూడండి. మిగతా తనిఖీ సగం అయిపోయినట్టే.

నిర్ణయం నచ్చకపోతే

బిడ్డ ఒకటి కోరింది, కమిటీ ఇంకోటి చేసింది. ఇది జరగొచ్చు, కొన్నిసార్లు జరగాలి కూడా. ప్రమాదం ఉన్న ఇంటికి బిడ్డ కోరిందని పంపలేరు. అప్పుడు ఉత్తర్వులో రెండు వాక్యాలు ఉండాలి: బిడ్డ ఏం కోరింది, దాన్ని ఎందుకు పక్కన పెట్టాం. ఆ రెండో వాక్యం బిడ్డకు ఎదురుగా కూర్చుని చెప్పాలి, ఎప్పుడు మళ్లీ చూస్తారో తేదీతో సహా. విన్నామని చెప్పి కారణం చెప్పకుండా వదిలేస్తే, ఆ బిడ్డ తర్వాత ఎవరికీ నిజం చెప్పదు.

కమిటీ పనితీరు మీద ఫిర్యాదు ఉంటే కలెక్టర్‌కు అర్జీ పెట్టుకోవచ్చు. బిడ్డ గానీ, బిడ్డతో సంబంధం ఉన్న ఎవరైనా గానీ పెట్టొచ్చు, కలెక్టర్ ఇరువైపులా విని ఉత్తర్వు ఇవ్వాలి. ఉత్తర్వు మీదే అప్పీలైతే బాలల న్యాయస్థానానికి, పోషక సంరక్షణ (బిడ్డను వేరే కుటుంబంలో ఉంచి పెంచడం), స్పాన్సర్‌షిప్ వ్యవహారమైతే కలెక్టర్‌కు. "ఈ బిడ్డకు సంరక్షణ అవసరం లేదు" అని కమిటీ తేల్చేస్తే ఒకప్పుడు అప్పీలే లేదు, 2021 సవరణ ఆ అడ్డు తీసేసింది. మహిళలకు, పిల్లలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది, ఫోన్ 15100. ఆపదలో ఉన్న బిడ్డ కోసం 1098.

అప్పీలుకు గడువు 30 రోజులు. అది ఉత్తర్వు తేదీ నుంచి మొదలవుతుంది, నకలు చేతికందిన రోజు నుంచి కాదు. ఆలస్యానికి సరైన కారణం చూపితే కోర్టు ఒప్పుకోవచ్చు, కానీ చూపించాల్సిన భారం కుటుంబానిదే. అందుకని నకలు కోసం ఉత్తర్వు చదివిన రోజే, గది దాటకముందే తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, దానికి రసీదు ముద్ర వేయించుకోవాలి.